‘మే’, ‘షల్’, ‘మస్ట్’ : చిన్న మాటల పెద్దరికం

2021 ఫిబ్రవరి 22వ తేదీన పుదుచ్చేరి శాసనసభలో ముఖ్యమంత్రి వి. నారాయణస్వామి ప్రవేశపెట్టిన విశ్వాస తీర్మానం వీగిపోయి, ఆయన ప్రభుత్వం పడిపోయింది. వరుస రాజీనామాలతో పాలక పక్షం అప్పటికే బలహీనపడి ఉన్నది. ఎదుటి పక్షాన పధ్నాలుగు మంది సభ్యులున్నారు. ఆ పధ్నాలుగురిలో ముగ్గురు ఎన్నికల ద్వారా ఆ సభకు వచ్చినవారు కారు. కేంద్ర ప్రభుత్వం నియమించగా వచ్చినవారు. వారికి సభాద్వారం తెరిచినది 1963 నాటి కేంద్రపాలిత ప్రాంతాల ప్రభుత్వ చట్టంలోని మూడవ సెక్షనుకు చెందిన ఒకే ఒక వాక్యం. ఆ వాక్యంలో క్రియకు ముందు నిలిచిన మాటకు ఆంగ్ల లిపిలో మూడే అక్షరాలు. అది ‘మే’.

ప్రభుత్వోద్యోగులు కాని వ్యక్తులను, ముగ్గురికి మించకుండా, కేంద్ర ప్రభుత్వం శాసనసభ్యులుగా నియమించవచ్చునని ఆ వాక్యానికి తాత్పర్యం. తప్పక నియమించాలని అందులో లేదు. ఎవరినైనా సంప్రదించి నియమించాలని కూడా లేదు. ఈ రెండవ మౌనమే వివాదానికి మూలమైంది. 2017 జూన్‌లో కేంద్రం ముగ్గురిని నియమించింది. స్థానిక మంత్రివర్గం సిఫారసు లేకుండా జరిగిన ఆ నియామకాన్ని అంగీకరించని స్పీకరు, వారిని సభ్యులుగా గుర్తించడానికి నిరాకరించారు. పాలక పక్ష శాసనసభ్యుడు కె. లక్ష్మీనారాయణన్ పేరిట సాగిన వ్యాజ్యం మద్రాసు హైకోర్టు దాటి సుప్రీం కోర్టుకు చేరింది. 2018 డిసెంబరు 6వ తేదీన తీర్పు వెలువడింది. నియమించే అధికారం కేంద్రానిదే. స్థానిక ప్రభుత్వం సిఫారసు అవసరం లేదు. అలా నియమితులైన వారు బడ్జెట్ మీదనూ, అవిశ్వాస తీర్మానం మీదనూ ఓటు వేయవచ్చు. ఇదీ తీర్పు సారాంశం.

ఆ తీర్పు మంచిచెడ్డల విచారణ రాజకీయ పండితులకు విడిచిపెడదాము. ఆ వ్యాజ్యం భాషాపరంగా ఒక ప్రశ్నను మన ముందుంచింది. ఒక వాక్యంలో ‘మే’ అన్న మాట వినిపించినప్పుడు, ఆ ఐచ్ఛికం ఎవరిది? చేయవచ్చునన్న స్వేచ్ఛ ఎవరి చేతిలో ఉన్నది? న్యాయస్థానాలకే కాదు, ఆంగ్లంలో ఒక చీటీ వ్రాసే గుమాస్తాకు, ఇంటర్వ్యూకు వెళ్ళే పట్టభద్రుడికి, విదేశంలో వియ్యపురాలితో టెలిఫోనులో మాట్లాడే తల్లికి కూడా ఈ ప్రశ్న ఎదురవుతూనే ఉన్నది. అడుగుకోకుండా మాట్లాడటం వల్లనే మన ఆంగ్లంలో అనేక అపార్థాలు పుడుతున్నాయి.

తొమ్మిది మాటల కుటుంబం

కెన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్. ఈ తొమ్మిదింటిని వ్యాకరణవేత్తలు మోడల్ సహాయక క్రియలంటారు. ‘ఆట్ టు’, ‘నీడ్’, ‘డేర్’ వంటివి ఈ ఇంటి గుమ్మం దగ్గర నిలిచిన దాయాదులు. ఇవి ఒక పని జరిగినదని గాని, జరగలేదని గాని చెప్పవు. ఆ పనిని గురించి చెప్పేవాని వైఖరిని తెలుపుతాయి: చేయగలడా, చేయనిస్తారా, చేసి తీరాలా, చేస్తాడని మనకెంత నమ్మకం?

వీటి నడవడి మిగిలిన ఆంగ్ల క్రియల వంటిది కాదు. కర్త ఎవరైనా రూపం మారదు. ‘హి కెన్స్’ అన్నవారు లేరు. వీటి ముందు ‘టు’ చేరదు. ఒకదాని పక్కన మరొకటి నిలువదు. అందుచేతనే ‘ఐ విల్ కెన్ కమ్’ అన్నది తప్పు, ‘ఐ విల్ బి ఏబుల్ టు కమ్’ అని చుట్టు తిరిగి రావాలి. ఫ్రెంచి నేర్చి తరువాత ఆంగ్లానికి వచ్చిన పుదుచ్చేరి విద్యార్థికి ఇది వింతగా తోస్తుంది. ఫ్రెంచిలో ‘పువ్వార్’, ‘దెవ్వార్’ అన్నవి ‘చేయగలుగు’, ‘చేయవలసి ఉండు’ అన్న అర్థాలిచ్చే నిండు క్రియలు. పురుషను బట్టీ, కాలాన్ని బట్టీ చక్కగా రూపం మార్చుకుంటాయి. మన తెలుగుది మధ్యేమార్గం. చేయగలను, చేయగలవు, చేయగలడు అని ‘గల’ మారుతుంది. చేయవచ్చు, చేయాలి అన్నవి మాత్రం నేనైనా, నీవైనా, వారైనా కదలవు.

ఈ మాటల పుట్టుక చూస్తే ముచ్చట కలుగుతుంది. ‘కెన్’ పూర్వార్థం ‘తెలియుట’. ‘మే’ అంటే ఒకనాడు ‘బలము కలిగి ఉండుట’. ‘విల్’ అంటే ‘కోరుట’. ‘షల్’ అంటే ‘బాకీ పడి ఉండుట’. అప్పును, దోషాన్ని తెలిపే జర్మన్ మాట ‘షుల్డ్’ దాని చుట్టమే. ‘మస్ట్’ కథ అన్నిటికన్నా విచిత్రం. అది ఏ పాత క్రియ నుంచి వచ్చిందో ఆ క్రియకు మొదట ‘అనుమతి కలిగి ఉండుట’ అని అర్థం. చేయనిచ్చినవాడే కాలక్రమాన చేయించేవాడయ్యాడన్నమాట!

మన ‘వచ్చు’కు కూడా ఇటువంటి చరిత్రే ఉన్నది. ‘నాకు ఈత వచ్చు’ అన్నప్పుడు అది తెలిసి ఉండటం. ‘మీరు లోపలికి రావచ్చు’ అన్నప్పుడు అనుమతి. ‘సాయంత్రం వాన రావచ్చు’ అన్నప్పుడు సంభావ్యత. మూడింటికీ మూలం కాళ్ళతో నడిచి వచ్చే ‘వచ్చు’ ధాతువే. దాని వ్యతిరేక రూపమైన ‘రాదు’ నుంచే ‘చేయరాదు’ అన్న నిషేధం పుట్టింది. ‘వలయు’ అంటే కోరిక, అదే ‘వెళ్ళవలెను’లో విధి అయింది, అదే ‘వలదు’గా మారి, నోట నలిగి, ఈనాటి ‘వద్దు’ అయింది. పుదుచ్చేరి వీధులలో వినిపించే తమిళంలోనూ ఇదే దారి. అక్కడ ‘వేణ్డుం’ అంటే కావాలనీ, చేయాలనీ రెండర్థాలు; ‘కూడాదు’ మన ‘కూడదు’కు తోబుట్టువు. కోరికను విధిగా మార్చుకోవడం మానవ భాషలకు సహజమైన అలవాటుగా కనిపిస్తున్నది.

అనుమతి ఇచ్చేదెవరు?

తెలుగు విద్యార్థి తరగతి గుమ్మంలో నిలిచి ‘మే ఐ కమిన్ సర్?’ అని అడుగుతాడు. ఇది ‘లోపలికి రావచ్చునా అండీ?’ అన్న మాటకు సరిగ్గా సరిపోతుంది. అనుమతి మాస్టారి చేతిలో ఉన్నదని ‘మే’ అంగీకరిస్తున్నది. అదే పిల్లవాడు ‘కెన్ ఐ కమిన్?’ అంటే, వెనుకటి తరం ఉపాధ్యాయులు ‘నీ కాళ్ళ సంగతి నాకేమి తెలుసు?’ అని ఎగతాళి చేసేవారు. నేటి ఆంగ్లంలో ఆ ఎగతాళికి తావు లేదు. ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ రోజువారీ సంభాషణలో అనుమతి అడగడానికి ‘కెన్’ సర్వసామాన్యమైపోయింది. ‘మే’ ఇంకా బ్రతికే ఉన్నది గాని, అది ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న మాట.

అయినా తేడా పూర్తిగా చెరిగిపోలేదు. పై అధికారి ‘యూ మే గో నౌ’ అంటే సెలవిచ్చినది ఆయన. ‘యూ కెన్ గో నౌ’ అంటే వాన వెలిసింది, దారి తెరిచారు, పని అయిపోయింది. కారణం ఏదైనా కావచ్చు. మొదటిదానిలో అధికారి కనిపిస్తాడు, రెండవదానిలో పరిస్థితి కనిపిస్తుంది.

‘మస్ట్’, ‘హావ్ టు’ల మధ్య కూడా ఇదే గీత ఉన్నది. ‘యూ మస్ట్ ఫినిష్ ఇట్ టుడే’ అన్నవాడు తానే ఆజ్ఞాపిస్తున్నాడు. ‘యూ హావ్ టు ఫినిష్ ఇట్ టుడే’ అన్నవాడు తనకు మించిన ఏదో నిబంధనను ముందుకు తోసి, తాను పక్కకు తప్పుకుంటున్నాడు. తెలుగులో రెండింటికీ ‘ఈరోజే పూర్తి చేయాలి’ అన్న ఒకే మాట సరిపోతుంది. మరీ అవసరమైతే ‘చేయవలసి ఉన్నది’ అని వింగడిస్తాము. కనుక మనవారు తమతో సమానులైన సహోద్యోగులకు కూడా ధారాళంగా ‘యూ మస్ట్’ అని వ్రాస్తారు. చదివేవారికి అది పెత్తనంగా తోస్తుంది. ఒకచోట మాత్రం ఈ ‘మస్ట్’ ఎవరినీ నొప్పించదు. ‘యూ మస్ట్ కమ్ టు అవర్ హౌస్’ అంటే ‘మీరు తప్పక మా ఇంటికి రావాలి’ అన్న ఆప్యాయతే. ఆతిథ్యంలో బలవంతం ఉభయ భాషలకూ మర్యాదే!

అసలు ప్రమాదం వ్యతిరేక వాక్యంలో ఉన్నది. మన ‘రావాలి’కి రెండు వ్యతిరేకాలున్నాయి: ‘రాకూడదు’, ‘రానక్కరలేదు’. మొదటిది నిషేధం, రెండవది వెసులుబాటు. ఆంగ్లంలో మొదటిదానికి ‘మస్ట్ నాట్’, రెండవదానికి ‘నీడ్ నాట్’ లేదా ‘డోంట్ హావ్ టు’. ‘మస్ట్’కు వ్యతిరేకం ‘మస్ట్ నాట్’ అని యాంత్రికంగా నేర్చుకున్న కోడలు, దూరం నుంచి వైద్యానికి తోడుగా రాబోతున్న అత్తగారి స్నేహితురాలికి, శ్రమ ఎందుకన్న సదుద్దేశంతో, ‘యూ మస్ట్ నాట్ కమ్’ అని కబురు పంపిందనుకోండి. ‘మీరు రానక్కరలేదండీ’ అన్నది ఆమె మనస్సు. ‘మీరు రావడానికి వీలులేదు’ అన్నది ఆ చీటీ. మందుల చీటీ మీదనైతే ఈ పొరపాటు మర్యాదతో ఆగదు. ‘మస్ట్ నాట్ టేక్ విత్ ఫుడ్’ అన్నది భోజనంతో వేసుకోకూడదన్న హెచ్చరిక. ‘నీడ్ నాట్’ అంటే భోజనంతోనే వేసుకోవాలన్న నియమం లేదని మాత్రమే.

‘మే నాట్’ మరొక ఉచ్చు. ‘హి మే నాట్ కమ్’ అంటే సాధారణంగా ‘అతడు రాకపోవచ్చు’. ‘విజిటర్స్ మే నాట్ ఎంటర్’ అంటే ‘సందర్శకులు ప్రవేశించరాదు’. ఒకే మాట ఒకచోట అనుమానం, మరొకచోట నిషేధం. ఇక్కడ తెలుగుదే పైచేయి. ‘రాకపోవచ్చు’ను, ‘రాకూడదు’ను కలగాపులగం చేయమని కోరినా చేయలేము.

తలుపు తట్టినదెవరు?

పనికి, ఆజ్ఞకు సంబంధించిన ఈ మాటలే ఊహకు కూడా ఉపయోగపడటం ఆంగ్లంలోని మరొక విశేషం. మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. లోపలివారు ‘దట్ మస్ట్ బి ది పోస్ట్‌మాన్’ అంటే పోస్టుమానుకు ఎవరూ ఆజ్ఞ ఇవ్వడం లేదు. ‘పోస్టుమానే అయి ఉండాలి’ అని నిశ్చయంగా ఊహిస్తున్నారు. ‘దట్ విల్ బి’ అంటే ‘అయి ఉంటాడు’. ‘మే బి’ అంటే ‘అయి ఉండవచ్చు’. ‘మైట్ బి’ అంటే ‘అయినా అయి ఉండవచ్చు’. ‘కాంట్ బి’ అంటే ‘అయి ఉండడు’. మెట్టుమెట్టుకూ తెలుగులో సమానమైన మెట్టు ఉన్నది! ముఖ్యంగా ఆజ్ఞను చెప్పే ‘ఆలి’ ప్రత్యయమే ఊహను చెప్పడానికీ పనికిరావడం రెండు భాషలకూ సామాన్యం. ఈ అధ్యాయంలో తెలుగువాడు ఆంగ్లం కష్టమని వాపోవలసిన పని లేదు. తన భాషను ఒకసారి చెవియొగ్గి వింటే చాలు.

కష్టమైన అధ్యాయం మర్యాదది. తెలుగులో మర్యాద క్రియ చివర కూర్చుంటుంది. ‘ఇవ్వు’, ‘ఇవ్వండి’, ‘కాస్త ఇస్తారా అండీ’. పలుకు చివర అంతస్తు తెలిసిపోతుంది. ‘గారు’, ‘మీరు’ సిద్ధంగా ఉన్నాయి. ఫ్రెంచిలోనూ నీవు, మీరు అన్న భేదం ఉన్నది. ఆంగ్లంలో చిన్నవారికీ పెద్దవారికీ ఒకటే ‘యూ’. మరి ఆ భాషీయులు మర్యాదను ఎక్కడ దాచుకున్నారు? చాలావరకు ఈ మోడల్ క్రియలలోనే. ‘కుడ్ యూ పాస్ ది వాటర్?’, ‘వుడ్ యూ మైండ్ వెయిటింగ్?’ అన్నవాటిలో ‘కుడ్’, ‘వుడ్’ అన్నవి రూపానికి భూతకాలం, అర్థానికి భూతకాలం కావు. కాలంలో ఒక అడుగు వెనక్కి వేసినట్టే వేసి, ఎదుటివారికి కాదనడానికి చోటు విడిచిపెడతాయి. మన ‘అండి’ చేసే పనిని అక్కడ ఇవి చేస్తున్నాయి.

ఇది తెలియక మనవారు నోటినిండా ‘ప్లీజ్’ పెట్టుకుని కూడా మొరటువారనిపించుకుంటారు. ‘ప్లీజ్ గివ్ మి ద ఫైల్’ అన్నది వ్యాకరణరీత్యా ఆజ్ఞే; ప్లీజ్ దానికి పూసిన గంధం మాత్రమే. చెప్పేవాని మనస్సులో ‘ఆ ఫైలు ఇస్తారా అండీ’ అన్న వినయమంతా ఉన్నా, వినేవానికి అందేది ‘ఆ ఫైలు ఇయ్యి’. పరదేశంలో కొత్తగా ఉద్యోగంలో చేరిన తెలుగు యువకుడి మీద ‘పొగరుబోతు’ అన్న ముద్ర పడటానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కరలేదు.

మన కార్యాలయాల ఆంగ్లం మరొక చమత్కారం చేసింది. క్రింది గుమాస్తా ‘లీవ్ మే ప్లీజ్ బి శాంక్షన్డ్’ అని విన్నవించుకుంటాడు, అది ప్రార్థన. పై అధికారి ‘యూ మే సబ్మిట్ ద రిపోర్ట్ బై మండే’ అని వ్రాస్తాడు, అది ఆజ్ఞ. సోమవారానికి నివేదిక పంపకుండా, ‘పంపవచ్చునన్నారు గదా, పంపకపోవచ్చునని కూడా గదా దాని అర్థం’ అని వాదించిన గుమాస్తా ఇంతవరకు పుట్టలేదు. ‘మే’ అర్థాన్ని అక్కడ నిర్ణయించేది నిఘంటువు కాదు, కుర్చీ.

‘కుడ్’ విషయంలో తెలుగువారి పొరపాటు ఒకటి ప్రత్యేకంగా పేర్కొనదగినది. ‘పరుగెత్తి రైలు అందుకోగలిగాను’ అన్నదాన్ని మనం ‘ఐ కుడ్ క్యాచ్ ద ట్రెయిన్’ అంటాము. ఒక్కసారి సాధించిన పనికి ఆంగ్లేయులు ‘వాజ్ ఏబుల్ టు’ లేదా ‘మేనేజ్డ్ టు’ వాడతారు. ‘ఐ కుడ్ స్విమ్ వెన్ ఐ వాజ్ సిక్స్’ వంటి స్థిరమైన శక్తికే ‘కుడ్’. మన వాక్యం విన్న ఆంగ్లేయుడికి ‘రైలు అందుకోగలను సుమా, కావాలంటే’ అన్నట్టు వినిపించి, ఇంతకూ అందుకున్నాడా లేదా అన్న సందేహం మిగిలిపోతుంది. అలాగే ‘మంత్రి రేపు వుడ్ విజిట్’ అన్న పత్రికల ధోరణి. ‘విల్’ ఉండవలసినచోట ‘వుడ్’ పెడితే మర్యాద పెరగదు. ‘ఏదైనా జరిగి ఉంటే మంత్రి వచ్చేవాడు’ అన్న నిరాశ ధ్వనిస్తుంది.

ఇక ‘షల్’, ‘విల్’ల సంగతి. 1653లో జాన్ వాలిస్ అనే గణితశాస్త్రజ్ఞుడు లాటిన్ భాషలో ఆంగ్ల వ్యాకరణం వ్రాస్తూ, ఉత్తమ పురుషలో ‘షల్’ అంటే భవిష్యత్తు, మధ్యమ, ప్రథమ పురుషలలో ‘విల్’ అంటే భవిష్యత్తు. తారుమారు చేస్తే సంకల్పం, శాసనం అని సూత్రీకరించాడు. తరాల తరబడి బడిపిల్లలు దీన్ని వల్లించారు. ఈ సూత్రం తెలియని విదేశీయుడొకడు నదిలో మునుగుతూ ‘ఐ విల్ డ్రౌన్, నోబడీ షల్ సేవ్ మి’ అని అరిచాడనీ, ‘మునిగి తీరుతాను, ఎవరూ నన్ను రక్షించరాదు’ అన్న అతని దృఢ సంకల్పాన్ని గౌరవించి ఒడ్డున ఉన్న ఆంగ్లేయులు టోపీలు తీసి నిలబడ్డారనీ ఒక పాత హాస్యకథ. నేటి వ్యవహారంలో అన్నిచోట్లా ‘విల్’ వచ్చింది. ‘షల్ వి గో?’ అన్న ప్రశ్నలో మాత్రం ‘షల్’ నిలిచింది, మన ‘వెళ్దామా?’కు అంతకన్నా దగ్గరి మాట ఆంగ్లంలో లేదు.

చట్టంలో ‘షల్’ చిరంజీవి

ఇంటి నుంచి వెళ్ళగొట్టిన ‘షల్’ చట్టాలలో తిష్ఠ వేసుకుంది. అక్కడ ‘షల్’ విధి, ‘మే’ ఐచ్ఛికం అన్నది మొదటి పాఠం. రెండవ పాఠం ఏమిటంటే, మొదటి పాఠాన్ని పూర్తిగా నమ్మరాదు! ప్రభుత్వోద్యోగి మీద చర్యకు ముందు పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను సంప్రదించాలని రాజ్యాంగం 320వ అధికరణంలో ‘షల్’ ప్రయోగించినా, సంప్రదించనంత మాత్రాన చర్య చెల్లకపోదని 1957లో మన్‌బోధన్ లాల్ శ్రీవాస్తవ వ్యాజ్యంలో సుప్రీం కోర్టు తేల్చింది. సందర్భాన్ని బట్టి ‘మే’ అన్నది ‘మస్ట్’ కాగలదని 1963లో జోగేంద్ర సింగ్ వ్యాజ్యంలో అదే కోర్టు చెప్పింది. ఈ తకరారుతో విసిగినవారు కొందరు ‘షల్’ను పూర్తిగా విసర్జించారు. దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగం విధులను ‘మస్ట్’ అన్న మాటతోనే చెబుతుంది.

మన రాజ్యాంగంలో పుదుచ్చేరి స్థానం చూడండి. ప్రతి రాష్ట్రానికీ శాసన వ్యవస్థ ఉండాలని 168వ అధికరణం ‘షల్’తో శాసిస్తున్నది. ఢిల్లీకి 1991లో వచ్చిన 239ఏఏ అధికరణం కూడా శాసనసభ ‘ఉండాలి’ అని ‘షల్’తోనే చెప్పింది. పుదుచ్చేరికి వర్తించే 239ఏ అధికరణం 1962లో పధ్నాలుగవ సవరణ ద్వారా వచ్చింది. శాసనసభను గాని, మంత్రివర్గాన్ని గాని, రెండింటినీ గాని పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పాటు చేయవచ్చునని అందులో ఉన్నది. ‘మే’! మొదట ఆ జాబితాలో హిమాచల్ ప్రదేశ్, మణిపూర్, త్రిపుర, గోవా-డామన్-డయ్యూ కూడా ఉండేవి. హిమాచల్, మణిపూర్, త్రిపుర, గోవా ఒక్కొక్కటే రాష్ట్రాలై ‘షల్’ గూటికి చేరాయి. ఆ అధికరణంలో పేరుతో మిగిలినది పుదుచ్చేరి ఒక్కటే. అక్కడ ముఖ్యమంత్రికీ, లెఫ్టినెంట్ గవర్నరుకూ మధ్య తరచు తలెత్తిన అధికార వివాదాల మూలాన్ని వెదుక్కుంటూ పోతే, వ్యక్తుల స్వభావాల కన్నా ముందు ఈ మాట తగులుతుందని నా అభిప్రాయం.

ఈ పట్టణానికి మాటల తూకం కొత్త కాదు. పద్దెనిమిదవ శతాబ్దంలో ఫ్రెంచి గవర్నరు డూప్లేకు దుబాసీగా ఉన్న ఆనందరంగ పిళ్ళై ఇక్కడివాడే. దుబాసీ అంటే ద్విభాషి. తమిళంలో సుదీర్ఘమైన దినచర్య వ్రాసిన ఆయన, తెలుగు కవులను కూడా ఆదరించాడు. కస్తూరి రంగకవి రచించిన ‘ఆనందరంగ రాట్ఛందము’ అనే తెలుగు లక్షణ గ్రంథం ఆయన పేరనే వెలసింది. నవాబు పంపిన కబురులో ఉన్నది అభ్యర్థనా, హెచ్చరికా అన్నది దుబాసీ నాలుక మీద ఆధారపడిన రోజులవి. నామవాచకం తప్పితే సరిదిద్దుకోవచ్చు; ‘ఇవ్వవచ్చు’ను ‘ఇవ్వాలి’గా అనువదిస్తే తగాదాయే.

ఆ దుబాసీ పనిని తరువాత చట్టాలు అందుకున్నాయి. 1956 మే 28వ తేదీన భారత, ఫ్రెంచి ప్రభుత్వాలు సంతకం చేసి, 1962 ఆగస్టు 16న అమలులోకి వచ్చిన ఒప్పందం, ప్రజా ప్రతినిధులు వేరుగా నిర్ణయించనంతవరకు ఫ్రెంచియే అధికార భాషగా కొనసాగాలని ‘షల్’తో చెప్పింది. ‘ఉండాలి’ అంటూనే, దానిని తొలగించే తాళపుచెవిని స్థానికుల చేతిలో పెట్టిన వాక్యమది. మూడేళ్ళకు వారు ఆ తాళం తీశారు. 1965 నాటి అధికార భాషా చట్టంలో తమిళానికి ‘షల్’ దక్కింది. ఆంగ్లానికి ‘మే’ దక్కింది. మలబారు తీరాన ఉన్న మాహేలో మలయాళానికీ, గోదావరి ఒడ్డున ఉన్న యానాంలో తెలుగుకూ కూడా ‘మే’యే.

యానాంలో తెలుగు ‘మే బి యూజ్డ్’. ఆనందరంగ పిళ్ళై ఈ వాక్యాన్ని తెలిగించవలసి వస్తే ‘వాడవచ్చు’ అని ఉండేవాడు. అంతకన్నా ఎక్కువగా గాని, తక్కువగా గాని అనడానికి ఆ చట్టం ఆయనకు వీలివ్వదు.